ఆగస్టులో సగం జీతం ఎక్కడిది, టీచరమ్మా?

ప్రశ్న: సార్, నేను నల్లగొండ జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌ని. మా వారు పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో చేస్తారు. మా తమ్ముడు 2009 నుంచి ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. కరోనాకి బడి మూశాక వాణ్ణి మళ్లీ పిలవలేదు. అప్పటికి వాడి జీతం 14,000. కొన్నాళ్లు కూరగాయల బండి పెట్టాడు. ఇప్పుడు ఒక హార్డ్‌వేర్ షాపులో పద్దులు రాస్తున్నాడు.

మొన్న అమ్మ సంవత్సరీకానికి అందరం కలిశాం. భోజనాల దగ్గర నేనూ మా వారూ పెండింగ్ డీఏల (కరువు భత్యం) గురించి మాట్లాడుకుంటుంటే, తమ్ముడు "మీకేందక్కా, బడి బందున్నా మీకు జీతం పడ్డది. ఇంకా రాలేదు రాలేదనే అంటరు" అన్నాడు. నాకు చుర్రుమంది. "మాకూ సగమే ఇచ్చారు. మేమూ సగం జీతంతోనే బతికాం" అన్నాను. వాడు విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. మూడు వారాలైంది, ఫోన్ ఎత్తడం లేదు. మరదలు ఒక్కసారి ఎత్తి, "ఆయనకు ఇరవై వేల సంగతి యాదికున్నది వదినా" అని పెట్టేసింది.

2020 ఆగస్టులో వాడు ఇరవై వేలు అడిగింది నిజమే. మా జీతాలే సగం వస్తున్నాయని చెప్పి ఐదు వేలు ఫోన్‌పే చేశాను. తర్వాత మా బకాయిలు వచ్చాయి, వాటితో ఫ్రిజ్ కొన్నాం. వాడి సంగతి గుర్తుకు రాలేదు. నేను అడిగేది ఏంటంటే, మా జీతం మేం అడగడం తప్పా? మేం పడ్డ టెన్షన్ టెన్షన్ కాదా? తమ్ముడితో ఎలా మాట్లాడాలి?

- ఒక టీచర్, నల్లగొండ జిల్లా

జవాబు: టీచరమ్మా, నేను ముప్పై ఏళ్లు ట్రెజరీలో బిల్లులు చూసి రిటైరైనవాణ్ణి. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా నా కన్ను ముందు తేదీల మీద పడుతుంది. ఈ అలవాటు మా ఇంట్లో ఎవరికీ నచ్చదు. మీకూ నచ్చకపోవచ్చు, అయినా అక్కడి నుంచే మొదలుపెడతాను.

2020 మార్చి 30న తెలంగాణలో జీవో 27 వచ్చింది. ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేల జీతంలో 75 శాతం, ఐఏఎస్, ఐపీఎస్ అధికారులకు 60, మిగతా ఉద్యోగులందరికీ 50, నాలుగో తరగతి వాళ్లకు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు 10 శాతం ఆపారు. పెన్షనర్లకూ సగం ఆపారు. జీవో వచ్చింది నెలాఖరున, అప్పటికే అందరూ పని చేసేసిన మార్చి నెల జీతం మీద. కొన్ని రోజులకు పోలీసులకు, వైద్య ఆరోగ్య శాఖ వాళ్లకు, పారిశుధ్య కార్మికులకు మినహాయింపు ఇచ్చారు. అది న్యాయమే, ఎవరూ కాదనలేదు.

ఆ ఏప్రిల్ మొదటి వారం నాకు బాగా గుర్తు. మా వీధి చివర బ్యాంకు ముందు ముగ్గుపిండితో గుండ్రాలు గీశారు, మనిషికో గుండ్రం. నా ముందు గుండ్రంలో ఒక పెద్దాయన, మూతికి తువ్వాలు కట్టుకుని, పాస్‌బుక్ ప్రింట్ కొట్టించుకుని బయటికొచ్చాడు. ఎండలో ఆ పేజీని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "సారూ, మిషన్ల రిబ్బను అయిపోయినట్టుంది, సగమే కొట్టింది" అన్నాడు. రిబ్బన్ అయిపోతే అంకె మసకగా పడుతుంది కానీ తగ్గదు కదా అని చెప్పబోయి ఊరుకున్నాను. లోపలికి వెళ్లి నాది కొట్టించుకున్నాను. నాదీ సగమే.

కాబట్టి మీ టెన్షన్ టెన్షన్ కాదని నేననను. సగం జీతం వచ్చిన నెల ఇంటి లోన్ ఈఎంఐ సగం కాదు. రిజర్వ్ బ్యాంకు వాయిదాలు ఆపుకునే వీలు (మారటోరియం) ఇచ్చింది, ముందు మూడు నెలలు, తర్వాత ఆగస్టు 31 దాకా. కానీ వడ్డీ ఆగలేదు, పెరుగుతూనే పోయింది. పైగా ఈ సగం మళ్లీ వస్తుందో రాదో అప్పటికి ఎవరికీ తెలియదు. యూనియన్ గ్రూపుల్లో రోజుకో కబురు.

ఇందులో న్యాయం లేని సంగతి ఒకటుంది, మన సంఘాలు కూడా దాని మీద గట్టిగా మాట్లాడలేదు. అప్పటి పే స్కేల్‌లో 21,230 బేసిక్‌తో కొత్తగా చేరిన ఎస్జీటీకి, అంటే ప్రైమరీ తరగతుల టీచరుకి, 50 శాతం. లక్ష దాటిన గ్రూప్ వన్ అధికారికీ అదే 50 శాతం. కలెక్టరుకు ఇంకో పది శాతం ఎక్కువ, అంతే. శాతం ఒకటే కాబట్టి సమానం అనుకుంటే పొరపాటు. లక్షలో యాభై వేలు ఆగితే ఆ ఇంట్లో కొత్త కారు ఆలోచన వాయిదా పడుతుంది. ముప్పై వేలలో పదిహేను ఆగితే అద్దె వాయిదా పడుతుంది. నన్నడిగితే ముందు ఇంత అని ఒక గీత గీసి, ఆ గీత కింద ఉన్నవాళ్లని, పెన్షనర్లని ముట్టుకోకుండా, పైవాళ్లకు మెట్లు మెట్లుగా కోత పెంచాల్సింది. పది శాతం శ్లాబు పెట్టినప్పుడు ఆ ఆలోచన కొంత ఉంది. దానికీ యాభైకీ మధ్య మెట్లే లేవు.

ఇక మీ మొదటి ప్రశ్న, జీతం అడగడం తప్పా అని. కాదు. చేసిన పనికి జీతం ఇవ్వాల్సిన బాకీ. ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే జీతాలు తగ్గించే వీలు రాజ్యాంగం 360వ అధికరణలో ఉంది. దాన్ని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ప్రకటించలేదు, కరోనాలో కూడా. మరి ఏ చట్టం కింద ఆపారని మన హైకోర్టు అడిగింది. జూన్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, విపత్తు వస్తే సగం దాకా ఆపే అధికారం ఉందని. కోత మార్చిలో, దానికి చట్టం జూన్‌లో.

పక్కన ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే కథ. అక్కడ ఒక రిటైర్డ్ జిల్లా జడ్జి కోర్టుకు వెళ్లారు. ఆపిన జీతాలు, పెన్షన్లు 12 శాతం వడ్డీతో ఇవ్వమని 2020 ఆగస్టులో అక్కడి హైకోర్టు చెప్పింది. అసలు ఇస్తాం, వడ్డీ మా వల్ల కాదని ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తే, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది కానీ తీసేయలేదు. జీతం, పెన్షన్ ఉద్యోగి హక్కు అని మళ్లీ ఒకసారి రాసింది. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో ఎప్పుడో చెప్పిన కోర్టే అది. మేం పెన్షనర్లం ఏటా ఆ తేదీన మీటింగ్ పెట్టుకుని ఉప్మా తినేది అందుకే.

సరే. ఇప్పుడు మీకు నచ్చని భాగం.

మనకి కోత పడింది మార్చి, ఏప్రిల్, మే జీతాల్లో. జూన్ జీతం నుంచి పూర్తిగా ఇచ్చారు. అంటే జూలై మొదట్లో మీ ఖాతాలో పూర్తి జీతం పడింది. ఆగస్టు మొదట్లో మళ్లీ పూర్తి జీతం. మీ తమ్ముడు అడిగింది ఆగస్టులో. "మా జీతాలే సగం వస్తున్నాయి" అని మీరు చెప్పింది ఆగస్టులో. ఏ జీతం సగం వచ్చింది, టీచరమ్మా?

ఇంకొకటి. "మా జీతాలు" అన్నారు, బహువచనం. మీ వారిది పోస్టల్ డిపార్ట్‌మెంట్, కేంద్ర ప్రభుత్వం. వాళ్లకు సగం కోత అసలు లేదు. ఆగింది డీఏ పెంపు మాత్రమే. అంటే ఆ మూడు నెలల్లో కూడా మీ ఇంట్లో ఒక జీతం సగం, ఒక జీతం పూర్తి.

మీరు కావాలని అబద్ధం చెప్పారని నేననుకోవడం లేదు. ఆర్డినెన్స్ అప్పుడే వచ్చింది, మళ్లీ కోస్తారేమోనని అందరికీ బెదురు. బెదురులో ఉన్న మనిషి చేతిలో ఉన్న డబ్బుని కూడా లేనట్టే లెక్కేసుకుంటాడు. కానీ మీ తమ్ముడు లెక్కల మాస్టారు. ఉద్యోగులకు పూర్తి జీతాలు అని జూన్ నెలాఖరులో అన్ని పేపర్లలో వచ్చింది. ఆయన అప్పుడే చదివి ఉంటాడు. చదివి కూడా మీ ఐదు వేలు తీసుకుని, ఇన్నేళ్లు ఆ మాట ఎత్తకుండా ఉన్నాడు. మొన్న విస్తరి ముందు మీరు మళ్లీ అదే మాట అన్నారు. ఆయన లేచింది మీ జీతం చూసి కుళ్లుకుని కాదు. ఆయన అసలు డీఏ మీద మాట మొదలుపెట్టిందే ఆ ఇరవై వేలు మనసులో పెట్టుకుని అయి ఉంటుంది.

ఇప్పుడు ఆయన వైపు తేదీలు చూద్దాం. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. లాక్‌డౌన్‌లో మూసి ఉన్నా సరే పరిశ్రమలు, దుకాణాలు, సంస్థల యజమానులు పనివాళ్లకు కోత లేకుండా జీతాలు ఇవ్వాలని. ఆ మర్నాడే మన రాష్ట్రంలో ప్రభుత్వం తన ఉద్యోగుల జీతం సగం ఆపింది! ప్రైవేటు యజమానికి ప్రభుత్వాన్ని మించిన ఆదర్శం ఎవరుంటారు? ఆ కేంద్ర ఉత్తర్వు మే నెలలోనే ఎత్తేశారు. జూన్ 12న సుప్రీంకోర్టు, యజమానులు కార్మికులు కూర్చుని మాట్లాడుకోండి అంది. ఎవరితో కూర్చోవాలి మీ తమ్ముడు? స్కూలు గేటుకే తాళం.

ఏప్రిల్ 21న రాష్ట్రం జీవో 46 ఇచ్చింది. ప్రైవేటు స్కూళ్లు ఆ ఏడాది ఫీజులు పెంచకూడదు, ట్యూషన్ ఫీజు తప్ప ఇంకేం తీసుకోకూడదు, అదీ నెలనెలా తీసుకోవాలి. తల్లిదండ్రులకు ఊరట. ఫీజులు రావడం లేదన్న మాట యాజమాన్యాల చేతికి వచ్చింది, ఆ మాట టీచర్ల మీద వాడారు. లేబర్ కోర్టుకు పోదామంటే, పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచరు కార్మికుడు కాదని 1988లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. పాఠం చెప్పేవాళ్లది గొప్ప వృత్తి కాబట్టి కార్మికులు కారట. గౌరవం మాటల్లో బాగానే ఉంది.

చివరికి 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. బడి మూసిన పదమూడు నెలలకు. మీ బకాయిలు అంతకు ముందే, అక్టోబరు నుంచి జనవరి దాకా నాలుగు విడతల్లో వచ్చేశాయి.

మీకు ఎందుకు తిరిగొచ్చింది, ఆయనకు ఎందుకు రాలేదు? మీరు ఎక్కువ కష్టపడ్డారనో, గట్టిగా అరిచారనో కాదు. మీ జీతంలో ఎంత ఆగిందో పైసాతో సహా ఒక చోట రాసి ఉంది. మీ సంతకం ఉన్న రిజిస్టరు ఉంది, బిల్లు ఉంది, టోకెన్ నంబరు ఉంది, జీవో ఉంది. కాగితం మీద ఉన్న బాకీని ఆలస్యం చేయొచ్చు, లేదనలేరు. ఆయన పదకొండేళ్ల పనికి అలాంటి కాగితం ఎవరూ చూపించలేదు. మీ డీఏ ఉద్యమంలో తప్పు లేదు, ఆయన కోపంలోనూ తప్పు లేదు. ఆయనతో మాట్లాడేటప్పుడు మాత్రం మీ సగాన్ని ఆయన సున్నా పక్కన పెట్టి పోల్చకండి.

మీ వారి సంగతి కూడా రెండు ముక్కలు చెప్తాను, ఎందుకంటే ఆయనకీ పద్దెనిమిది నెలల డీఏ బకాయి వస్తుందని వాట్సాప్‌లో మెసేజీలు వస్తూనే ఉండి ఉంటాయి. 2020 ఏప్రిల్ 23 నాటి ఉత్తర్వుతో కేంద్రం మూడు విడతల డీఏ పెంపు ఆపేసి 17 శాతం దగ్గరే ఉంచింది. 2021 జూలై నుంచి ఒకేసారి 28 శాతం చేసింది, మధ్యలో పోయినది ఇవ్వబోమని ముందే రాసింది. బేసిక్ 40,000 అనుకుంటే మొదటి ఆరు నెలలకు 9,600, తర్వాతి ఆరు నెలలకు 16,800, చివరి ఆరు నెలలకు 26,400. మొత్తం 52,800. దేశమంతటా కలిపి 34,402 కోట్లు మిగిలాయని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. బకాయి అడిగిన ప్రతిసారీ వీలుకాదనే జవాబు ఇచ్చింది. నేనైతే దాని మీద ఆశ పెట్టుకోను. ఆ రోజుల్లో రిటైరైన మీ వారి స్నేహితులు ఎవరైనా ఉంటే ఒక పనికొచ్చే మాట చెప్పమనండి. 2020 జనవరి నుంచి 2021 జూన్ మధ్య రిటైరైన కేంద్ర ఉద్యోగుల గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం), లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ మాత్రం పెరిగిన డీఏతోనే లెక్కకట్టమని 2021 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. తమది అలా కట్టారో లేదో చూసుకోవాలి. నెలనెలా రావాల్సింది పోయింది, ఇది పోకూడదు.

ఒక చిత్రం గమనించండి. మీ సగం జీతం గురించి ఇల్లంతా మాట్లాడుకున్నారు, అది పూర్తిగా తిరిగొచ్చింది. మీ వారి యాభై వేలు చప్పుడు లేకుండా పోయాయి, దాని గురించి భోజనాల దగ్గర ఎవరూ విస్తరి వదల్లేదు.

ఇక తమ్ముడితో ఎలా మాట్లాడాలని అడిగారు. ఫోన్ చేయకండి. వెళ్లండి. ఆదివారం పూట, షాపు లేనప్పుడు. మీ వారిని తీసుకెళ్లకండి. బావ ఎదురుగా ఉంటే ఆయన మర్యాదగా మాట్లాడతాడు, మీకు కావాల్సింది మర్యాద కాదు. ఒక్క మాట చెప్పండి: "ఆగస్టులో నాకు పూర్తి జీతమే వచ్చింది తమ్మీ, భయపడి సగమని చెప్పాను." దానికి ముందు గానీ వెనక గానీ "మేం కూడా" అనే మాట కలపకండి. ఈఎంఐలు, ఆర్డినెన్స్, యూనియన్ గ్రూపు, ఏవీ వద్దు. నేను పైన మీకోసం చెప్పిన బెదురు కథ కూడా వద్దు.

మిగిలిన పదిహేను వేలు కవర్లో పెట్టుకుని వెళ్లాలనిపిస్తుంది. వద్దు. ఇప్పుడిస్తే అది మీ మనసు తేలిక చేసుకోవడానికి ఇచ్చినట్టుంటుంది, మరదలి ముందు అయితే మరీ. ఆయన తీసుకోడు కూడా.

దాని బదులు మీకు చేతనైన పని ఒకటుంది. మీరు పాతికేళ్లుగా దరఖాస్తులు, ప్రొసీడింగ్స్, సర్వీస్ రిజిస్టర్ల మధ్య బతికినవాళ్లు. ప్రైవేటు స్కూలు టీచర్లకు గ్రాట్యుటీ హక్కు ఉంది. 2009లో చట్టం సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా చేశారు. ప్రైవేటు స్కూళ్లు దాని మీద పోట్లాడితే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు టీచర్ల వైపే తీర్పు ఇచ్చింది. పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే స్కూలు అయి, అయిదేళ్లు నిండితే చాలు. చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, దాన్ని ఏళ్లతో హెచ్చించాలి. మీ తమ్ముడిది 14,000, పదకొండేళ్లు. 88,846 రూపాయలు. ఆయన మీకంటే వేగంగా నోటితో చెప్తాడు ఈ లెక్క.

ముందు స్కూలుకు రాతపూర్వకంగా అడగాలి. ఇవ్వకపోతే కార్మిక శాఖలో గ్రాట్యుటీ కేసులు చూసే అధికారికి దరఖాస్తు. అడగడానికి గడువు ఉంది, అది ఎప్పుడో దాటిపోయింది. కానీ ఆలస్యానికి సరైన కారణం చూపితే తీసుకునే వీలు ఉంది. అక్కడ మళ్లీ పేచీ రావచ్చు, డబ్బు ఖాయంగా వస్తుందని నేను చెప్పను. యాజమాన్యం "అసలు ఈయన మా దగ్గర పనే చేయలేదు" అనవచ్చు. అందుకని ఆయన పనిచేసినట్టు చూపే ప్రతి ముక్కా వెతకాలి. ఐడీ కార్డు, టైమ్‌టేబుల్, పదో తరగతి ఫేర్‌వెల్ గ్రూప్ ఫోటోలు, అన్నీ. ఏటా యూడైస్‌లో (బడుల వివరాల ప్రభుత్వ రికార్డు) స్కూలు టీచర్ల వివరాలు పంపుతుంది, అందులో ఆయన పేరు ఉందేమో మీ ఎమ్మార్సీలో (మండల రిసోర్స్ సెంటర్) మీరు అడగగలరు. ఆ రెండు వేల సాయానికి దరఖాస్తు పెట్టుకుని ఉంటే అది ఇంకా మంచిది. ఫలానా స్కూల్లో టీచరునని రాసి ఆయనిచ్చిన కాగితం, దాన్ని ఒప్పుకుని ప్రభుత్వం వేసిన డబ్బు, రెండూ ఉంటాయి.

ఇదంతా మొదటి రోజే చెప్పకండి. ఆ ఆదివారం ఆ ఒక్క మాట చెప్పి, మరదలు టీ పెడితే తాగి వచ్చేయండి. రెండోసారి వెళ్లినప్పుడు, పాత బ్యాంకు పాస్‌బుక్కులు ఇంట్లో ఉన్నాయా అని అడగండి. 2009 నుంచి 2020 దాకా స్కూలు జీతం పడిన పేజీలన్నీ కావాలి.